చెంచాడు అంబలి

నీళ్ళు మోసం చేస్తాయని
నాకెవరూ చెప్పలేదు.
నరసన్నపేట రైసుమిల్లులో
నలభై ఏళ్ళు బస్తాలు లెక్కెట్టిన గొంతు
గ్లాసెడు నీళ్ళకి జడుస్తుందని
ఎవడనుకుంటాడు?

విశాఖలో ముప్పైమూడు కరెంట్లు పెట్టారు.
పుండు మాడింది.
దాంతోపాటే ఉమ్మి ఊరే చోటూ మాడింది.
నాలుక, ఎండల్లో వంశధార ఇసక.
ఎంత తోడినా తడి తగలని చెలమ.

ముక్కులో గొట్టం తీసిన రోజు
మింగడం నేర్పే అమ్మాయి వచ్చింది,
పాతికేళ్ళుండవు, పాలకొండ పిల్ల.
"తాతా, ఊపిరి బిగబట్టు. గెడ్డం గుండెకి ఆనించు. మింగు.
ఉత్తినే ఇంకోసారి మింగు. ఇప్పుడు దగ్గు."
అరవై రెండేళ్ళు నన్నడక్కుండా జరిగిపోయిన పని!
"నీళ్ళు పల్చన కదా, దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.
చిక్కగా ఉండాలి, మరీ ముద్ద కాకూడదు" అని
గరిటె వంచి చూపించబోతే
సూరీడమ్మ నవ్వింది.
"సోడంబలి అనీరాదేటమ్మా, ఇంత సదువెందుకు?"

పొలమారితే నడినెత్తిన తట్టి
"ఎవులో తలుసుకుంతన్నారు" అనేది మాయమ్మ.
ఇప్పుడు గుటకగుటకకీ పొలమారుతోంది.
మిల్లు కళాసీలా, బాకీ తీర్చని షావుకారా,
పోయిన మా బావా,
ఇంతమంది ఒక్కసారే తలుచుకుంటే
ఎవరికని దగ్గను?

మేనకోడలి పెళ్ళిలో బంతిలో కూచున్నాను.
నా దగ్గుకి పక్కాయన చెయ్యి
విస్తట్లోనే ఆగిపోయింది.
అప్పట్నుంచి తలుపు చేరేసి తింటున్నాను.
మొన్న పక్కింట్లో మెత్తళ్ళు వేపారు.
ఆ వాసనొక్కటే
అడ్డం లేకుండా లోపలికి పోయింది.

ఆవిడ గడప అవతల కూచుంటుంది
అడ్డపొగ పీలుస్తూ. మానమంటే మానదు.
నిప్పు దాని నోట్లో, కాలింది నా గొంతు.
తలుపు సందులోంచి చూస్తూంటుంది,
గొంతుముడి కదిలిందా లేదా అని.

కాటా మీద మొదటి బస్తాని
ఒకటి అనం. లాభం అంటాం.
లాభం, రెండు, మూడు...
నా కేక బజారు దాకా వినపడేది.

ఈ పొద్దు
ఊపిరి బిగబట్టి, గెడ్డం వంచి
చెంచాడు అంబలి జార్చాను.
ఆగింది.
కాసేపు అక్కడే ఉంది.
కదిలింది.
దగ్గు రాలేదు.

తలుపవతల
నోట్లో చుట్ట తియ్యకుండానే
"లాభం" అంది.

రెండోది ఇంకా గిన్నెలోనే ఉంది.