నీటి మీద గది

ఎనిమిదేళ్లు ఎరకరాజు చేసిన పని
గెస్టులు నిద్ర లేవకముందే అయిపోవాలి.
మాల్దీవుల్లో, నోరు తిరగని పేరున్న దీవిలో
నీళ్ల మీద నిలబెట్టిన గదుల కింద
పీకల్లోతున దిగి
రాత్రి కెరటం లాక్కెళ్లిన ఇసకని
బస్తాల్లో తెచ్చి మళ్లీ పేర్చడం.
పైన మంచాలు, మంచాల కింద అద్దం,
అద్దం కింద చేపలు.
చేపల వెనక ఎరకరాజు.

"బస్తాలు అగుపడకూడదు. అదొక్కటే రూలు"
అంటాడు, కళింగపట్నం దీపస్తంభానికి ఉత్తరంగా
మా పేట గట్టు మీద కూచుని.
"అగుపడితే డబ్బులు ఎనక్కిచ్చీమంతారు."

తిరిగొచ్చేసరికి
అతని ఇల్లున్న వరసే లేదు.

మేం దూరాన్ని గజాల్లో కొలవం.
మా నాన్నకి సముద్రం ఏడు తాటిచెట్ల అవతల.
నా పెళ్లినాటికి నాలుగు.
తిత్లీ ఒక్క రాత్రిలో మూడు పట్టుకుపోయింది.
మిగిలినదానికి సగం వేళ్లు గాల్లో ఉన్నాయి,
వాటి సందున కొయ్యమ్మ మేకపిల్ల నిద్రపోతుంది.

మొన్న జీపులో ఇద్దరొచ్చారు, చుట్ట చుట్టిన పటంతో.
అందులో మా ఒడ్డు నున్నగా, నీలంగా ఉంది.
నీళ్ల మీద పదహారు గదులు.
ఎరకరాజు ఒకదాని మీద వేలు పెట్టి
"ఇది మా వంటిల్లు" అన్నాడు.
వాళ్లు నవ్వారు. "ఇక్కణ్నించి సముద్రం ఎంత దూరం?"
"ఏ ఏడు సముద్రం, బాబూ?"

ఆ ప్రశ్న రాసుకున్నారో లేదో.

కొయ్యమ్మ ఎవరి పటం కోసమూ ఆగలేదు.
అరుగు రెండడుగులు లేపింది.
కరెంటు మీటరు నడుమెత్తు నుంచి తలెత్తుకి మార్పించింది.
బియ్యం డబ్బా అటకెక్కించి
ముందు గదికి సున్నం కొట్టి
శనాదివారాలు అద్దెకిస్తోంది.
దీనికి ఆఫీసుల్లో ఏదో పెద్ద మాటుందట.
ఆమె "సర్దుకోడం" అంటుంది.

విశాఖ నుంచి ఓ జంట వచ్చింది.
"సముద్రం కనబడే గది లేదా, ఆంటీ?"
"రొండేళ్లు ఆగమ్మా,
అన్ని గదుల్లోంచీ అగుపడతాది."

మర్నాడు అమావాస్య పోటు.
చీకటుండగానే వరసగా నిలబడి
యూరియా సంచుల్లో ఇసక నింపుతున్నాం.
కొన్నింటి మీద వరికంకి బొమ్మ,
కొన్నింటి మీద తలకిందులైన అక్షరాలు.
మావి దాచాల్సిన బస్తాలు కావు.
వెనక మొగలి పిలకలు నాటాం,
సగం మేకలు తినేశాయి.

ఆ పిల్ల ఫోనుతో వచ్చింది.
కాసేపు తీసింది.
తర్వాత ఫోను మొగుడికిచ్చి
సంచి మూతి పట్టుకుంది.
"నిండా పొయ్యకమ్మా" అన్నాడు ఎరకరాజు.
"మూడు పాళ్లకి రొండు పాళ్లే.
నిండింది పగుల్తాది.
ఎలితి ఉన్నది కెరటంతో పాటు ఒంగుతాది."

గది ఆరొందలు, కానాగడతల పులుసు నూటేభై.
సంచి పట్టినందుకు ఎంత తగ్గించాలో తెలీక
కొయ్యమ్మ టీ డబ్బులు వదిలేసింది.

వెళ్తూ ఆ పిల్ల, తను కట్టిన బస్తా
ఆషాఢం దాకా ఉంటుందా అని అడిగింది.
చూసి చెప్తానన్నాడు.
కాగితం దొరక్క
ఆమె నంబరు మేకుతో రాసుకున్నాడు,
ఆ ఒక్క తాటిచెట్టు మీద.