లావోసోళ్ళు

హన్మకొండ హాస్టల్ మెస్సుల
రిజిష్టర్ మీద 'లావోస్, ముగ్గురు' అని రాసిండు వార్డెన్.
మేం గూడ గట్లనే పిలిచినం నెలంత,
"ఓ లావోస్ పిల్లా, పప్పు ఏస్కో" అని.

ఒకనాడు కరెంటు పోయింది.
గ్రైండర్ ఆగినంక ముచ్చట మొదలైంది.
అన్నాన్ని మీరేమంటరే అని ఊకెనే అడిగిన.

సోమ్‌చిత్ ఖావ్ అన్నడు, మెకాంగ్ ఒడ్డు పిలగాడు.
పా కౌ మో అన్నది,
మబ్బు తాకే గుట్టల మీద
మక్కలేసే మోంగులింటి బిడ్డ.
ఖమ్‌ఫోన్ జరసేపు ఆగి
నేల దిక్కు సూస్కుంట, మాహ్, అన్నడు.
"మేం ఖ్ము. మా తాత కాలంల
ఈ మాటకు అక్షరం లేకుండె."
ఒక్క విమానంల వచ్చిన ఆ ఇద్దరు
కొత్తోణ్ణి సూసినట్టు సూసిండ్రు.

"నువ్వైతే తెలుగే గద ఆంటీ?" అన్నది పా కౌ.

నర్సంపేట అవతల తండా నాది.
మా యాడీ పెట్టిన పేరు కేస్లీ,
ఈడ జీతం కాయితంల కేశమ్మ.
పద్దెనిమిదేండ్లయింది
ఈ పొయ్యి కాడ నా బోలి నోట్లెకు రాక.

"బాటి" అన్న.
రొట్టెనా, అన్నమా? అడిగిండు ఖమ్‌ఫోన్.
ఆకలైనప్పుడు ఏదున్నా బాటే కొడుకా, అన్న.
"మాహ్ గూడ గంతే" అని
ప్లేటు సాపిండు.

కరెంటొచ్చింది. వార్డెనొచ్చిండు.
"లావోసోళ్ళు తిన్నరా?"
మూడు గీతలు కొట్టిండు.
పక్కన ఇంకోటి కొట్టు సారూ, అన్న.
ఎవలికని అడిగితే
ఎసరు దిక్కు తిరిగిన.