గుటక

ఇంకా పదకొండు నెలలు.
కెరిచో కొండల మీద మధ్యాహ్నం రెండింటికి
ఇవాళ కూడా వాన వచ్చేసింది.
వానకీ నాకూ ఒకటే హాజరు పట్టీ.

నరం లేని నాలుక అంటారు,
నా నాలుకకు మాత్రం నెల జీతం ఉంది.
ముప్పై నాలుగేళ్లుగా
తెల్ల కప్పుల బారు ముందు నిలబడి
చెంచాడు తీసి, గాలితో కలిపి జుర్రి,
అంగిట్లో ఒక్క తిప్పు తిప్పి
ఉమ్మేస్తున్నాను.
రోజుకి మూడొందల కప్పులు.
లెక్కేస్తే ముప్పై లక్షలకు కాస్త తక్కువ.
అందులో మింగింది
ఒక్క గుక్క లేదు.

ఈ నాలుక కోసం
ఉల్లిపాయ మానేశాను, మిరపకాయ మానేశాను,
పెళ్లిళ్లలో సెంటు పూసుకున్నవాళ్లకి
ఎడంగా కూర్చున్నాను.
సొరబుర్రలో బొగ్గు రాసి
మా అమ్మ పులియబెట్టిన పాలు, ముర్సిక్,
పొగ వాసన మర్నాటికీ వదలదని
పండగ సెలవుల్లో తప్ప ముట్టలేదు.
అమ్మ పోయింది. సొరబుర్ర అటక మీద ఉంది.

పోయిన నెల నైరోబీ నుంచి ఒక కుర్రాడొచ్చాడు
రిటైరయ్యేవాళ్లకి పాఠం చెప్పడానికి.
బోర్డు మీద గుండ్రం గీసి ముక్కలు కోశాడు:
ఇది తిండికి, ఇది మందులకి,
ఈ చిన్నది అనుకోని ఖర్చులకి.
బాయిలర్ దగ్గర పనిచేసే అరప్ మిబెయ్
"అనుకోనివి అంత ముక్కలో ఇముడుతాయా బాబూ" అన్నాడు.
అందరం నవ్వాం.
కుర్రాడు ఆ మాట రాసుకున్నాడు.

నా ముక్కలు నేనెప్పుడో కోసుకున్నాను.
కప్సొయిట్‌లో రేకుల కప్పుతో నాలుగు గదులు,
మూడింట్లో అద్దెకున్నారు,
నాలుగోదానికి తలుపు బిగించాలి.
రెండు ఆవులు, ఒకటి చూడిది.
సహకార సంఘం అప్పు మార్చికి తీరుతుంది.
మా ఆయన సిగిలాయ్ పిండిమర కొందామంటాడు,
ఉన్న మూడు మరలే ఈగలు తోలుకుంటున్నాయంటాను.
అంతా నీలం అట్ట పుస్తకంలో ఉంది,
ఏ పేజీకి ఆ పేజీ కూడిక సరిపోయింది.

చివర్లో కుర్రాడు కాగితాలు పంచాడు:
"మీ ఉద్యోగం తీసేస్తే మిగిలేదేమిటి?"
అరప్ మిబెయ్ గబగబా రాశాడు, మోకాళ్ల నొప్పి అని.
నేను పేరు దగ్గర తప్రాండిచ్ అని రాసి
పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టి,
కాగితం మడిచి సంచిలో వేసుకున్నాను.

నా చోటికి వచ్చే పిల్ల చెలెల్.
ఇరవై నాలుగేళ్లు.
పద్దెనిమిదో కప్పు దగ్గర ఆగి
"ఇది వడగళ్లు తిన్న ఆకు" అంది ఒకరోజు.
నేనప్పటికే ఆ కప్పు దాటేశాను.
వెనక్కొచ్చి మళ్లీ జుర్రాను.
నిజమే. అంచున ఎక్కడో పచ్చి, దెబ్బతిన్న పచ్చి.
నాకు అందలేదు.
చిట్టాలో ఆ పిల్ల చేతే రాయించాను.
ఇంటికెళ్తూ దారంతా
నాలుకని పళ్లకి రాసి చూసుకున్నాను
కత్తి పదును బొటనవేలితో చూసినట్టు.

ఇది నీలం పుస్తకంలో ఏ గడిలో రాయను?

ఆ ఆదివారం నుంచే సాధన మొదలుపెట్టాను.
వాన వెలిశాక, గుమ్మంలో కూర్చుని,
ఒక కప్పు. పాలు పోసి, చక్కెర వేసి,
గిన్నెలో కాచిన మామూలు టీ.
మొదటిరోజు నోరు మాట వినలేదు,
సగం కప్పు గుమ్మడి పాదుకి పోయింది.
సిగిలాయ్ చూసి, ఏమీ అనకుండా
మళ్లీ నింపాడు.
మూడో వారానికి
ఒక గుటక దిగింది.
గొంతు దాటి, రొమ్ము దాటి,
ఎక్కడెక్కడికి వెళ్తోందో తెలిసేలా.
ఇంత దూరం పోతుందా టీ, అనుకున్నాను.

"ఎలా ఉంది?" అన్నాడు.
మాటలు బారు తీరి నిలబడ్డాయి,
చురుకు, వగరు, రాగి మెరుపు,
పొడిలో మంట ఒక పిసరు ఎక్కువ.
"వేడిగా ఉంది" అన్నాను.

నిన్న సంతలో
ఉల్లిపాయ ఒకటి చేతిలోకి తీసుకుని
బరువు చూసి
మళ్లీ గంపలో పెట్టేశాను.
వేళ్లు మాత్రం
రాత్రిదాకా కడుక్కోలేదు.