పందొమ్మిది మిల్లీమీటర్లు

మూత తియ్యకముందే వాసన చెప్తది,
మాగిన ద్రాక్షపండ్లు.
వరంగల్ పెద్దాసుపత్రి ల్యాబుల చేరినప్పటిసంది
నాకు ద్రాక్ష సయించదు.

కాలినోళ్ల వార్డు, బెడ్డు పదకొండు.
ఓదెలు, నలభై ఒకటి, జమ్మికుంట.
కాయితం మీద అంతే ఉంది.
మిగతాది శాంపిలు పట్టుకొచ్చిన సరోజన చెప్పింది:
జిన్నింగు మిల్లుల పత్తికుప్ప అంటుకున్ననాడు
తోటి హమాలీని గుంజుకొచ్చెటందుకు లోపలికి పోయిండట.
పత్తి మంట కండ్లకు కనబడదట,
లోలోపల రాజుకొని ఒక్కపారే లేస్తదట.
చేతిల గాజుగొట్టం దిక్కు చూసి అన్నది,
"కాల్చిందీ పత్తే,
చీము తీసిందీ పత్తితోనే గద మేడం."

నేను మేడాన్ని కాదు, టెక్నీషియన్ని.
చెప్పలె.

పళ్లెంల పురుగు మొలిచింది
నారుమడి లెక్క లేతపచ్చగ.
అనొద్దు గాని, అందమైన రంగు.
దాని మీద వరుసగ మందుబిళ్లలు పెట్టి
తెల్లారి చూసిన.

పనిచేసే మందు చుట్టు
ఊడ్చిన కల్లం లెక్క గుండ్రంగ ఖాళీ ఉండాలె.
ఏడు బిళ్లల చుట్టు ఊడ్పే లేదు.
సిప్రో బిళ్లనైతే అంచుదాక పాకి
మీదికే ఎక్కి కూసుంది.

పోయిన చలికాలం మా చిన్నోనికి దగ్గొస్తే
ఫ్రిజ్జు మీది సగం స్ట్రిప్పు
నేనే మింగించిన, రెండు దినాలు.
తగ్గింది. బందు పెట్టిన.
ఆ పురుగు వేరు, ఈ పురుగు వేరు, ఎరుకే.
అయినా స్కేలు పట్టిన చెయ్యి
జరసేపు ఆగింది.

ఆఖరిది మెరోపెనెం.
పద్దెనిమిదైతే నడిమిట్ల మాట,
పందొమ్మిదైతే పనిచేస్తది.
కొలిస్తే పద్దెనిమిది.
అద్దాలు తుడుచుకొని, లైటు దగ్గరికి జరిపి కొలిస్తే
పందొమ్మిది.
మూడోసారి కొలవ బుద్ధి కాలె.

వహీదా మేడాన్ని పిలిచిన.
నాకెంతొచ్చిందో ఆమె అడగలె.
ఒంగింది, చూసింది,
"పందొమ్మిది. రాయి" అన్నది.

ఆమె చూపు గీతల మీదనే ఉండెనో,
కిటికీ అవతల మెట్ల మీద
టిఫిను డబ్బా మూత తీస్తూ పెడుతూ కూసున్న
సరోజన మీద ఉండెనో
నేనూ అడగలె.

రాసిన. సంతకం పెట్టిన.
సాయంత్రం ఆటోక్లేవుల పడాల్సిన పళ్లెం
ఇంకొక్క దినం
పక్కకు పెట్టుకున్న.