మూడో పాట

సిరిపురంలో ఆ హాలు వెనక గదిలోని
వాష్‌బేసిన్ నన్ను బాగా గుర్తుపడుతుంది.
ప్రతి ప్రదర్శనకీ ముందు
నేను మొదట వంగేది దానికే.

ఇడ్లీ నిలవలేదు. గ్లూకోజు నీళ్లూ నిలవలేదు.
అరచేతులు ఐసుపెట్టెలోని కోనాం ముక్కల్లా ఉన్నాయి.
"ఊపిరి తీసుకుని నాలుగు దాకా లెక్కపెట్టు" అంటుంది లవీనియా టీచరు.
నాలుగు దాకా ఎవరు వెళ్లొచ్చారు?
రెండు దగ్గరే గుండె అడ్డం కూర్చుంటోంది.

కాళ్లకి కోల్‌కతా నుంచి కొరియర్లో వచ్చిన బ్యాలే బూట్లు.
గులాబీ శాటిను. మొన అరిగిపోకుండా
దారంతో అల్లుకోవాలట. నాకు రాదు.
మా చిన్నాన్న ఎల్లాజీ అల్లిపెట్టాడు,
వల బాగుచేసే నైలాను దారంతో,
పెదజాలారిపేట ఇసకలో పడవ నీడన కూచుని,
ఆరిపోయిన బీడీ పంటికింద బిగించి.
"ఏ సేపకే ఈ వల?" అనడిగాడు.

అడుగున రాసుకునే గుగ్గిలం కూడా ఆయనదే,
పడవ సందుల్లో నీరు చొరకుండా పూసేది.
పొడికొట్టి, అట్టపెట్టెలో పోసి, మునివేళ్లతో తొక్కుతాను.
కరకరమంటుంది.
కాలు జారకుండా ఇది.
లోపలికి నీరు చొరకుండా
ఏం రాసుకోవాలో ఎవరూ చెప్పలేదు.

తెర పక్కన నిలబడ్డాను.
ఎవరి ఫోనో మోగి ఆగింది.
మూడో వరసలోంచి మా మామ్మ గొంతు:
"లైట్లార్పీసినారేటి, కరెంటు పోనాదా?"

భయపడకు అని చెప్పుకోవడం మానేసి రెండేళ్లయింది.
ఆ మాట వింటే మోకాళ్లు ఇంకా పేట్రేగేవి.
ఇప్పుడు వేరే పని చేస్తాను.

తెల్లారగట్ల ఫిషింగ్ హార్బరులో
మా అమ్మ వేలానికి నిలబడేది,
తడి సిమెంటు మీద చెప్పుల్లేకుండా,
కుచ్చిళ్లు ఎగ్గట్టి, గుప్పిట్లో అప్పు తెచ్చిన మూడువేలు.
కంపెనీవాళ్ల కేకల మధ్య
ఆమె గొంతు పీలగా లేచేది.
బుట్ట పక్కన గొంతుక్కూచున్న నాకు
ఆమె పిక్క సరిగ్గా కళ్లెదుట ఉండేది.
అది వణికేది.
వణుకుతూనే పైపాట పాడేది అమ్మ.

అందుకని, చీకట్లో, పెదాలు కదలకుండా:
ఒకటో పాట. కడుపులో తిప్పు, ఎండిన నాలిక.
రెండో పాట. వాటితోపాటు చెమట,
పోయినేడు ఇదే చెక్కమీద పడ్డ మోకాలు.
ఎవరూ హెచ్చు పాడరు.
ఎవరిక్కావాలి ఈ సరుకు?
మూడో పాట.
నాకే కొట్టేశారు.
బుట్ట నెత్తికెత్తుకుని
వెలుగులోకి నడుస్తాను.

మొదటి ఎనిమిది లెక్కల్లో ఏం చేశానో తెలీదు.
రెండో ఎనిమిదిలో ఎక్కడో
నైలాను ముడి చెక్కని పట్టుకుంది.
అక్కణ్ణించి పనే. పని మాత్రమే.

తిరుగు ఆటోలో, బీచి రోడ్డు గాలిలో,
మామ్మ నా పాదాలు ఒళ్లోకి లాక్కుని
కట్టు విప్పి, చితికిన గోరు చూసి,
"అంతసేపూ బొటనేలి మీదే నిల్సున్నావేటే,
ఆ నేల గానీ కాల్తందా?" అంది.

కొంచెం కాలుతుంది మామ్మా, అన్నాను.