చేరిన తూకం

బయల్దేరినప్పుడు పదకొండు లారీలు.
జొన్న బస్తాలు మూడు వేల మూడొందలు,
నూనె, ఉప్పు, సబ్బు,
చిక్కిపోయిన పిల్లల కోసం వేరుశెనగ ముద్ద పొట్లాలు.
అన్నీ నా చేత్తోనే రాశాను, మూడు ప్రతుల్లో,
కార్బన్ నలుపు వేళ్లకంటుకునేలా.
డ్రైవర్ జిబ్రీన్ నవ్వాడు:
"రాసుకో సిద్దీగ్, రాసుకో.
ఈ ఇసకకి చదువు రాదు."

మొదటి గేటు దగ్గర నూనె డబ్బాలు దించుకున్నారు.
రసీదు అడిగితే
తుపాకీ కుర్రాడు కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని
చాలాసేపు చదివాడు.
వాడి కింది పెదవి పగిలి ఉంది.
వాడూ ఆకలిగానే ఉన్నాడు. ఆ మాట రాయడానికి
నా చీటీలో గడి లేదు.

రెండో గేటు దగ్గర రెండు లారీలు.
మూడో గేటు దగ్గర
పంతొమ్మిది రోజులు.

లారీ నీడలోనే కాపురం.
పొద్దున నీడ పడమటికి, సాయంత్రం తూర్పుకి,
మేమూ దాని వెంటే చాప ఈడ్చుకుంటూ.
అవతల, చూపు ఆనే దూరంలో, శిబిరం.
ఏం తోచక పొగలు లెక్కపెట్టేవాణ్ణి.
మొదటి రోజు తెల్లారగట్ల నలభై.
వారానికి ఇరవై ఆరు.
పద్నాలుగో రోజు ఏడు.
పొగ లేదంటే కట్టెలు లేవనా,
వండటానికి లేదనా, వండేవాళ్లే లేరనా,
అంత దూరం నుంచి తెలీదు.
రాత్రి ఫిరంగి మోగితే
బస్తాల్లో జొన్నలు కదిలేవి, సన్నగా, గుసగుసగా.
జిబ్రీన్ విననట్టు అటు తిరిగి పడుకునేవాడు.

పదహారో రాత్రి ఎండిన వాగులోంచి మస్తూరా వచ్చింది.
రెండు గాడిదలు, గిట్టలకి చీర పేలికలు చుట్టి.
శిబిరంలో గంజి కాచే పొయ్యి ఆమెదట.
"నాలుగు నెలల్నించి తెలకపిండి తింటున్నాం," అంది.
"ఇదిగో, వీటి మేతే. వీటికి చాలా బాకీ పడ్డాం."

జిబ్రీన్ మాట్లాడకుండా సీలు తెంపాడు.
జొన్న బస్తా మీద చెయ్యి వేశాను. వద్దంది.
"మర కూలిపోయింది. ఉడికించాలంటే మంట.
మంటకి డ్రోన్ వస్తుంది. అందుకే పొయ్యిలు ఆర్పేశాం."

"మరి ఆ ఏడు పొగలు?"

"అవి ఖాళీ గుడిసెలు. వాళ్లు పోయారు.
రోజూ మేమే వెళ్లి అంటించి వస్తాం.
దాన్ని అటే చూడనీ అని."

పదహారు రోజులుగా నేను లెక్కపెట్టినవి.

ఒక పొట్లం మూల కొరికి వాసన చూసింది.
"నూనె ఉంది దీన్లో," అంది. అంతే.
మళ్లీ మూల మడిచి కొంగున కట్టుకుంది.

తెల్లారాక చీటీ తీశాను.
కారణం గడిలో తడిసినవి, చిరిగినవి, చోరీ, ఎలుకలు.
ఎలుకలు అని రాశాను.
పొట్లాలు పన్నెండొందలు, ఉప్పు ఒక బస్తా.

పదిహేడో రాత్రి కూడా ఎలుకలు.

పద్దెనిమిదో రాత్రి ఒక్క గాడిదే వచ్చింది, మనిషి లేకుండా.
గిట్టలకి పేలికలు ఉన్నాయి,
ముడి మాత్రం ఆమె వేసే ముడి కాదు.
జిబ్రీన్ ఆ ముడిని కాసేపు పట్టుకు చూశాడు.
తర్వాత ఎప్పటిలాగే బరువెత్తాం,
రెండు వైపులా సమానంగా.
వీపు మీద ఒక్కటి చరిస్తే నడిచింది.
దారి దానికి తెలుసు.

మర్నాడు వెనక్కి పొమ్మన్నారు.

ఊళ్లో గోదాం అధికారి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి,
నా మూడు ప్రతులూ ఒక్కొక్కటే చూశాడు.
"పెద్ద ఎలుకలే," అన్నాడు.
"అవునండీ."
"మూడు రాత్రులు."
"అవునండీ."
ఫ్యాను తిరుగుతోంది. కాగితం ఎగరకుండా
మోచెయ్యి ఆనించి సంతకం పెట్టాడు.
పెట్టి, తలెత్తకుండానే అడిగాడు:
"వచ్చే నెల ఎలుకలకి ఎన్ని రాయమంటావు?"