రెప్ప వెయ్యండి, నిల్దా

కలామాలో ఈ ఏడు కూడా వాన పడలేదు.
పడుతుందని ఎవరూ అనుకోలేదు.
మధ్యాహ్నం మూడింటికి గాలి లేచి
గని మట్టిని కిటికీ అంచుల మీద పేర్చి పోతుంది.
తడిగుడ్డతో తుడుస్తాను. మళ్లీ వస్తుంది.

నా గదిలో దీపం ఉండదు.
ఒక తెల్లటి గిన్నె, గడ్డం ఆనించడానికి చిన్న పీట,
చేతికొక బటన్.
ఒక కంటికి గంత కట్టి
రోజుకి ఇరవై సార్లు ఇదే పాఠం:
మధ్యలో పసుపు చుక్కనే చూడండి,
పక్కన ఎక్కడ మినుకుమన్నా నొక్కండి.

నిల్దా చోకె, అరవై మూడేళ్లు.
నీటికాసులు, రెండు కళ్లూ.
జబ్బు పేరులో నీళ్లున్నాయి,
కంట్లో లేవు.
లోపలి ఒత్తిడి దించడానికి రాత్రికో చుక్క,
ఆరేళ్లలో ఒక్క రాత్రీ మానలేదు.
ఆ చుక్కే పైపొరని ఎండగట్టింది.
"ఇసుక పోసినట్టుంటుంది. అయినా వేస్తాను."

కిందటి నెల కాగితం నల్లగా వచ్చింది,
పై సగమంతా మసి.
డాక్టర్ బరియెంతోస్ ఆపరేషన్ మాట ఎత్తాడు.

ఇవాళ నేను అంకెల్ని వదిలేసి
తెర మీద ఆమె కన్నే చూస్తూ కూర్చున్నాను.
నిమిషం గడిచింది. రెప్ప పడలేదు.
నిమిషంన్నర.
నీటిపొర నడిమధ్య చిట్లి
ఉప్పుమేటలా బీటలు వారింది.
సన్నటి వెలుగులు ఆమె దాకా వచ్చి
గుమ్మంలోనే మసకబారి వెనుదిరుగుతున్నాయి.
యంత్రం రాసుకుంటోంది: చూడలేదు. చూడలేదు.
ఎందుకని అడగడం దానికెవరూ నేర్పలేదు.

రెప్ప వెయ్యండి, నిల్దా.

"వేస్తే వెలుగు తప్పిపోదూ?"

ఇరవై రెండేళ్లు రాగి గనిలో
మూడు వందల టన్నుల లారీ నడిపింది.
రాత్రి షిఫ్టులో, ఆ మలుపుల్లో
కునుకు తీసిన ఇద్దరి పేర్లు
ఇంకా గేటు దగ్గర పలక మీద ఉన్నాయి.
బండిని కంటికి రెప్పలా చూసుకుంది,
రెప్పే వేయకుండా.

పరీక్ష ఆపాను.
కృత్రిమ కన్నీళ్లు చెరొక చుక్క వేసి
కాసేపు కూర్చోబెట్టాను.
తన కుక్క రోజూ ఇసుకలో ఏదో పూడుస్తుందనీ
ఏం పూడుస్తుందో ఇంతవరకూ తెలియలేదనీ చెప్పింది.
అప్పుడు, ఏనాడో చెప్పాల్సిన సంగతి చెప్పాను:
బటన్ నొక్కి పట్టుకుంటే యంత్రం ఆగుతుంది.
వదిలితేనే కదులుతుంది.

"బ్రేకా?"

బ్రేకే.

"అయితే ఆరేళ్లుగా
బ్రేకు చూపించకుండానే బండెక్కించారన్నమాట."

నేనేమీ అనలేదు.

కొత్త కాగితంలో మసి చాలావరకు విడిపోయింది.
ముక్కు వైపు, పై మూలలో ఒక్క తునక
అలాగే ఉంది.
వేలిగోరుతో గీకి చూసింది, దుమ్మేమోనని.
దుమ్ము కాదు. ఎండిన పొరా కాదు.
అది జబ్బుదే.
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
కోటు లోపలి జేబులో వేసుకుంది,
లైసెన్సు పెట్టుకునే జేబులో.

బయట గాలి మొదలైంది.
మెట్టు దిగేముందు ఆగి
రెండుసార్లు రెప్ప వేసింది,
గేరు మార్చినంత తీరిగ్గా.